ఇన్సూరెన్స్ లేని బండి గుద్దితే పరిహారం ఎవరు కట్టాలె? నల్లగొండ, పాలమూరు దిక్కు తెల్సినోళ్ళు చెప్పుండ్రి

హాలియా శీను · నల్లగొండ జిల్లా

అందరికీ నమస్తే. జర దారి చెప్పుండ్రి.

మా అక్క, బావ బైకు మీద పెద్దవూర నుంచి హాలియా వస్తుంటే ఎదురుంగ బొలెరో ట్రాలీ ఒకటి ముందున్న లారీని దాటబోయి రాంగ్ సైడు ఎక్కి గుద్దింది. బావకు కుడికాలు మోకాలి కింద రెండు దగ్గర్ల బొక్క ఇరిగింది, రాడ్ ఏసిన్రు. అక్కకు మణికట్టు ఇరిగింది. బావ సెంట్రింగ్ మేస్త్రీ, వయసు 38. పని చేస్తెనే ఇల్లు గడుస్తది. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నరు.

ఠాణాల కేసు అయింది. ట్రాలీ నంబరు ఎం-పరివాహన్ యాప్‌ల కొడితే ఇన్సూరెన్స్ అయిపోయి నాలుగు నెలలు దాటిందని చూపెట్టింది. ఇప్పుడు ట్రాలీ ఆయన తరఫు పెద్దమనుషులు వచ్చి లక్షన్నర ఇస్తం, స్టాంపు పేపరు మీద సంతకం పెట్టుండ్రి అంటున్నరు. "ఇన్సూరెన్సే లేదు, కోర్టుకు పోతే మీకు ఎవరిస్తరు, ఇదన్న తీసుకోండ్రి" అని ఒకటే ఒత్తిడి. దవాఖాన బిల్లే రెండు లక్షల మీద అయింది. అక్క భయపడుతున్నది. బావ ఏం మాట్లాడ్తలేడు. ఏం చెయ్యాలె?

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్ · మిర్యాలగూడ

తమ్మీ, మిగతా సంగతులు తర్వాత. ముందు ఒక్కటి చెప్పు. ట్రాలీ ఇప్పుడు ఏడుంది? ఠాణాలనే ఉన్నదా, విడిపించుకపోయిన్రా?

హాలియా శీను

ఠాణా ఆవరణలనే ఉందన్నా. ఎంవీఐ (మోటారు బండ్ల ఇన్‌స్పెక్టర్) సారు వచ్చి చూసిపోయిండంట. రేపో ఎల్లుండో కోర్టు నుంచి విడిపించుకుంటమని వాళ్ళు చెప్పుకుంటున్నరు.

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్ · మిర్యాలగూడ

అయితే పని ఇంకా మీ చేతులనే ఉంది. జాగ్రత్తగ విను.

మామూలుగ ఎంవీఐ తనిఖీ అయినంక కోర్టుల పిటిషన్ ఏసి, బాండు రాసిచ్చి బండి తీసుకపోతరు. ఇన్సూరెన్స్ ఉన్న బండికి అది చెల్లుతది. ఇన్సూరెన్స్ లేని బండి మనిషిని గుద్దితే ఆ లెక్క వేరే. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలుల ఉన్న కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం, ఆర్సీల పేరున్న యజమాని పరిహారానికి సరిపోయేటంత పూచీకత్తు కోర్టుకు చూపెట్టాలె. చూపెట్టకుంటే బండి వదలద్దు. మూడు నెలలు గడిచినా పూచీ పెట్టకుంటే మేజిస్ట్రేటు బండిని వేలం ఏయించి, వచ్చిన పైసలు ట్రిబ్యునల్‌ల, అంటే ప్రమాద పరిహారం కేసులు చూసే కోర్టుల, జమ చేయించాలె. రాష్ట్రాలన్నీ ఇట్లాంటి నిబంధన పెట్టుకోవాలని సుప్రీంకోర్టు 2018లనే చెప్పింది.

కాయితం మీద ఇది ఉన్నా, కోర్టుల ఎవరూ ఎత్తకపోతే బండి గప్‌చుప్‌గ బయటికి పోతది. సర్వీసుల ఉన్నప్పుడు చూసిన, దెబ్బ తగిలినోళ్ళు దవాఖానల ఉంటరు, ఈ పిటిషన్ ఎప్పుడు పడ్డదో కూడ వాళ్ళకు తెల్వదు. అందుకే ఇయ్యాల్నే ఒక దరఖాస్తు రాయి. "ఈ బండికి ప్రమాదం రోజు ఇన్సూరెన్స్ లేదు, పూచీకత్తు లేకుండ విడుదల చేయొద్దు, మా మాట కూడ వినాలె" అని. ఎస్ఐ గారికి ఇచ్చి నకలు మీద స్టాంపు, తారీకు ఏయించుకో. అదే మాట వకీలుతోని మేజిస్ట్రేటు కోర్టుల కూడ పెట్టించు. యాప్‌ల కనిపించిన ఇన్సూరెన్స్ పేజీని ఫోటో తీసి పెట్టుకో.

బండి లోపల ఉన్నంతసేపు వాళ్ళే మీ ఇంటికి వస్తరు. బయటికి పోయిన తెల్లారి ఫోన్ కూడ ఎత్తరు.

నారాయణపేట వకీలు

పైన అన్నగారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్టు. పాలమూరు కోర్టుల్లో ఈ కేసులు చూస్తుంటాను కాబట్టి చట్టం వైపు నుంచి కొంత చెప్తాను.

ఇన్సూరెన్స్ లేదంటే పరిహారం లేదని కాదు అర్థం. పరిహారం కట్టే బాధ్యత మొదట డ్రైవరుది, యజమానిది. కంపెనీ ఆ బాధ్యతను పాలసీ ద్వారా తన నెత్తి మీద పెట్టుకుంటుంది, అంతే. పాలసీ లేకపోతే బరువంతా యజమాని మీదే పడుతుంది. ఆస్తి ఉన్నవాడైతే ఆయనకు ఇది చాలా పెద్ద దెబ్బ. పెద్దమనుషులు మీ ఇంటికి అంత తొందరగా రావడానికి కారణం అదే.

మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద ట్రిబ్యునల్లో కేసు వేయాలి. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, మీరుండే జిల్లాలోనైనా వేయొచ్చు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలని 2019 సవరణ చెప్తోంది, అది 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఈ గడువు మీద సుప్రీంకోర్టులో సవాలు నడుస్తోంది. గడువు దాటిందన్న ఒక్క కారణంతో కేసులు కొట్టేయొద్దని 2025 నవంబర్‌లో మధ్యంతర ఉత్తర్వు కూడా వచ్చింది. అయినా దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. ఆరు నెలల్లోపే వేయండి.

అక్కకు వేరే కేసు, బావకు వేరే కేసు. ఇద్దరూ దెబ్బ తిన్నవాళ్ళే. ఒకే కాగితంలో ఇద్దరి హక్కూ కలిపి లక్షన్నరకు రాయించుకోవాలని చూస్తారు, జాగ్రత్త. స్టాంపు పేపరు మీద "ఇకముందు ఎలాంటి క్లెయిమ్ లేదు" అన్న ఒక్క లైను ఉంటే చాలు, రేపు ట్రిబ్యునల్లో అవతలి వకీలు మొదట తీసేది ఆ కాగితమే.

శీను గారూ, ఆర్సీ ఎవరి పేరు మీద ఉంది? అది కనుక్కోండి.

కోదాడ లారీ ఓనర్

అందరూ కోర్టుకు పో, కోర్టుకు పో అంటున్నరు. నేను ఇంకో దిక్కు చెప్తా, కోపానికి రావద్దు.

మా చిన్నాయన కొడుకును ఇన్సూరెన్స్ లేని ఆటో గుద్దింది. కోర్టు తొమ్మిది లక్షలు రాసింది. ఆ ఆటో ఆయనకు ఉన్నది ఆ ఆటో ఒక్కటే. అది ఎప్పుడో అమ్మేసుకున్నడు. అవార్డు కాయితం ఇంట్ల బీరువల ఉంది. పైసా రాలె. చేతికొచ్చే లక్షన్నర వదులుకొని కాయితం పట్టుకొని కూసుంటే పిల్లల ఫీజు ఎవరు కడతరు?

నారాయణపేట వకీలు

మీ మాట కాదనను. అలాంటి అవార్డులు నిజంగానే ఉన్నాయి. మీ తమ్ముడి కేసులో ఆటో అమ్ముడుపోయాక అవార్డు వచ్చింది, అక్కడే దెబ్బ తగిలింది. పైన అన్నగారు బండిని వదలనీయొద్దని అంతగా చెప్తున్నది అందుకే. కేసు వేసేటప్పుడే యజమాని ఆస్తిని అమ్ముకోకుండా జప్తు కోరుతూ అర్జీ పెట్టొచ్చు. అవార్డు వచ్చాక కట్టకపోతే 174 సెక్షన్ కింద ట్రిబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్ పంపుతుంది. భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టే వసూలు చేయాలి. మీ తమ్ముడి అవార్డు ఎప్పటిదో చూసి వకీలుకు చూపించండి. ఆ ఆటో యజమాని పేరు మీద ఇప్పుడు భూమి, ప్లాటు ఏమైనా వచ్చిందేమో చూడండి. అవార్డు అమలుకు పన్నెండేళ్ళ గడువు ఉంటుంది.

యజమానికి నిజంగా ఏమీ లేకపోతే రాజీ మంచిదే. కానీ ఏమీ లేదని ఆయన చెప్తే నమ్మడం వేరు, మీరు వెతికి తెలుసుకోవడం వేరు.

కోదాడ లారీ ఓనర్

పన్నెండేండ్ల సంగతి మాకు ఎవరూ చెప్పలే సార్. తమ్మునికి ఇయ్యాల్నే చెప్త.

సూర్యాపేట సర్వేయర్

ఇన్సూరెన్స్ క్లెయిముల పనిలో చాలా కాలం ఉన్నాను. లక్షన్నర ఎంత తక్కువో లెక్క వేసి చూపిస్తాను. ఇది ఉదాహరణ మాత్రమే, కోర్టు ఇంతే ఇస్తుందని కాదు.

సెంట్రింగ్ మేస్త్రీకి నెలకు 15,000 ఆదాయమని కోర్టు ఒప్పుకుందనుకోండి. 40 ఏళ్ళ లోపు సొంత పని చేసుకునేవాళ్ళకు ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. ఇది 2017 ప్రణయ్ సేథీ తీర్పు. అంటే 21,000. ఏడాదికి 2,52,000. వయసు 36 నుంచి 40 మధ్య ఉంటే 15తో గుణిస్తారు, అది 2009 సరళా వర్మ తీర్పులోని పట్టిక. మొత్తం 37,80,000. బావగారి పని సామర్థ్యం 30 శాతం తగ్గిందని తేలితే 11,34,000. దీని మీద వైద్యం ఖర్చు, పని లేని నెలల జీతం, నొప్పికి, మనిషిని పెట్టుకున్న ఖర్చుకు విడిగా, పైన వడ్డీ.

ఇందులో కీలకం ఆ 30 శాతం. డాక్టరు సర్టిఫికెట్లో కాలుకు 20 శాతం వైకల్యం అని రాయొచ్చు. అదే కుర్చీలో కూర్చుని పని చేసే గుమాస్తాకు ఆదాయం పెద్దగా తగ్గదు. పరంజా ఎక్కి, ఇనుప పలకలు భుజాన వేసుకుని మోసే మేస్త్రీకి అదే 20 శాతం సగం బతుకును తీసేస్తుంది. శరీరానికి ఎంత శాతం అన్నది కాకుండా సంపాదనకు ఎంత దెబ్బ అన్నది చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కాబట్టి బావగారు చేసే పని ఏమిటో, ఏ కాంట్రాక్టరు దగ్గర చేశారో, రోజు కూలీ ఎంతో ఇప్పుడే ఆధారాలు పోగేయండి. ఫోన్‌పేలో వచ్చిన కూలి డబ్బులుంటే ఆ స్టేట్‌మెంట్ తీయండి. లేబర్ కార్డు ఉంటే అది బలమైన కాగితం.

రాడ్ తీయడానికి రేపు ఇంకో ఆపరేషన్ ఉంటుంది. ఆ ఖర్చు అంచనా కూడా డాక్టరుతో రాయించుకోండి. రాజీ లెక్కల్లో దాని ఊసే ఎవరూ ఎత్తరు.

స్టాఫ్ నర్సు · నల్లగొండ

శీను తమ్ముడూ, ఎంఎల్‌సీ (పోలీసు కేసు కోసం ఆసుపత్రిలో గాయాలు రాసే రికార్డు) నకలు తీసుకున్నారా? బొక్క విరిగితే చట్టంలో అది తీవ్ర గాయమే. హడావిడిలో ఎక్కడన్నా మామూలు గాయమని రాసుంటే ఇప్పుడే దిద్దించుకోండి. ఎక్స్‌రే ఫిల్ములు, డిశ్చార్జి సమ్మరీ, మందుల షాపు బిల్లులు అన్నీ ఒక్క కవర్లో పెట్టండి. బిల్లు మీద పేషెంటు పేరు లేకుంటే పనికి రాదు.

ఇంకోటి, ఇది ఇక్కడ చదివే అందరికీ. 2025 మే నెలలో కేంద్రం రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స పథకం నోటిఫై చేసింది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, మనిషికి లక్షన్నర దాకా, గుర్తించిన ఆసుపత్రుల్లో. గుద్దిన బండికి ఇన్సూరెన్స్ ఉందా లేదా, బండి దొరికిందా లేదా అన్నదానితో సంబంధం లేదు. అడ్మిట్ చేసేటప్పుడే అడగాలి, పోలీసులకు సమాచారం వెళ్ళాలి. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువ మందికి దీని పేరే తెలియదు. బంగారం కుదువ పెట్టి అడ్వాన్సు కట్టాక అడుగుతారు.

హాలియా శీను

మాకు దవాఖానల ఎవ్వరు చెప్పలేదక్కా. అక్క పుస్తెల గొలుసు కుదువ పెట్టినం.

అందరికీ దండాలు. దరఖాస్తు ఇచ్చిన, స్టాంపు ఏయించుకున్న. ఆర్సీ సంగతి తెల్సింది. బండి కల్వకుర్తి దిక్కు ఒకాయన పేరు మీద ఉంది. ఆయన రెండేండ్ల కింద అమ్మేసిండంట, ఉత్త కాయితం మీద రాసిచ్చిండు. కొన్నాయన పేరు మార్చుకోలే. "నాకేం సంబంధం, నేను అమ్మేసిన" అంటుండు పాత ఓనరు. కొన్నాయనకేమో ఆస్తి లేదంటున్నరు. ఇప్పుడెట్ల?

నారాయణపేట వకీలు

సంబంధం ఉంది. పూర్తిగా ఉంది. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే ప్రశ్నకు జవాబు చెప్పింది. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో ఆయనే యజమాని. చేతులు ఎన్ని మారినా, ఉత్త కాగితాలు ఎన్ని రాసుకున్నా దెబ్బ తిన్నవాడు వాటి వెంట తిరగాల్సిన పని లేదు. పాత ఓనరు పరిహారం కట్టి, తర్వాత కొన్నవాడి దగ్గర వసూలు చేసుకోవచ్చు, అది వాళ్ళిద్దరి పంచాయితీ.

కేసులో ముగ్గురినీ పెట్టండి. డ్రైవరు, ఆర్సీ యజమాని, కొన్నాయన. కల్వకుర్తి ఆయన పేరు మీద భూమి ఉందేమో చూడండి. పూచీకత్తు పెట్టి బండి విడిపించుకోవాల్సింది కూడా ఆర్సీ యజమానే అని గుర్తుపెట్టుకోండి. కొన్నాయన ఒక్కడు కోర్టుకు వచ్చి బాండు రాస్తానంటే మీ వకీలు లేచి అభ్యంతరం చెప్పాలి.

వంగూరు రైతు · నాగర్‌కర్నూల్ జిల్లా

ఇది చదువుతుంటే నాకు గుండె దడ అయితుంది. నేను కూడ బైకు అమ్మిన. ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చిన, ఆయన మార్పించుకున్నడో లేదో తెల్వదు. రేపు ఆ బైకు ఎవరినన్న గుద్దితే నా ఎకరంన్నర పోతదా సార్?

నారాయణపేట వకీలు

మీ పేరు మీదే ఉండి, ఇన్సూరెన్స్ కూడా లేకపోతే ప్రమాదమే. అమ్మినాయన 14 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలని 50వ సెక్షన్ చెప్తుంది. కొన్నాయన వస్తాడని ఎదురు చూడొద్దు. యాప్‌లో నంబరు కొట్టి చూడండి. ఇంకా మీ పేరే ఉంటే కొన్నాయనను వెంటబెట్టుకుని ఆర్టీఓ ఆఫీసుకు వెళ్ళండి. రాకపోతే అమ్మినట్టు రాతపూర్వకంగా ఆర్టీఓకు ఇచ్చి, రసీదు తీసుకోండి. పేరు మారేదాకా ఇన్సూరెన్స్ ఆగిపోకుండా చూసుకోండి, అవసరమైతే మీరే కట్టండి.

వంగూరు రైతు

సరే సార్, రేపే పోత. ఇంకో మాట అడుగుత. మా దిక్కు మిరప ఏరటానికి, పత్తి తియ్యటానికి ఆడోళ్ళు ట్రాక్టరు ట్రాలీల పోతరు. ఇరవై మంది, ముప్పై మంది. ట్రాక్టరుకు ఇన్సూరెన్స్ ఉంది. అది బోల్తా పడితే అందరికీ వస్తదా?

సూర్యాపేట సర్వేయర్

ఈ ప్రశ్న అడిగినందుకు మీకు దండం పెట్టాలి. దక్షిణ తెలంగాణలో ఎక్కువ కుటుంబాలు నష్టపోయేది ఇక్కడే.

ఇన్సూరెన్స్ ఉన్నా, అది ట్రాలీలో కూర్చున్న కూలీలకు వర్తించదని కంపెనీ వాదిస్తుంది. సరుకు మోసే బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు కంపెనీ బాధ్యత లేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ట్రాక్టరు పాలసీ వ్యవసాయ పనికని ఇస్తారు. మనుషుల్ని ఎక్కించుకుని పోతే పాలసీ షరతు తప్పినట్టే. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఉండాలి, చాలా ఊళ్ళలో అవి ఉండవు. కొన్ని కేసుల్లో కోర్టులు దయతలచి ముందు కంపెనీ కట్టి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని ఆదేశించాయి. ప్రతి కేసులో అలా వస్తుందని చెప్పలేం. రాకపోతే అందరి పరిహారమూ ట్రాక్టరు యజమాని మీదే పడుతుంది. ఆయన కూడా మూడెకరాల రైతే అయితే, అటు కూలీల ఇళ్ళూ ఇటు రైతు ఇల్లూ కలిసి మునుగుతాయి.

కాబట్టి కూలీలు కనీసం తమ తరఫు రక్షణ పెట్టుకోవాలి. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళకు ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉంది. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు, శాశ్వతంగా పాక్షిక వైకల్యం వస్తే లక్ష. ఎవరి తప్పు, ఏ బండి అన్న ప్రశ్నే రాదు. జూన్ 1 నుంచి మే 31 దాకా లెక్క, ఖాతాలో ఆ 20 రూపాయలు లేక ఆగిపోయినవి ఎన్నో. ఇరవై మంది ఎక్కే ట్రాక్టరుకు ఒక్కరు పూనుకుని బ్యాంకుకు తీసుకుపోతే అయిపోయే పని. పట్టా భూమి ఉన్నవాళ్ళకు రైతు బీమా ఎలాగూ ఉంది, 59 ఏళ్ళ దాకా ఏ కారణంతో చనిపోయినా ఐదు లక్షలు. అయితే భూమి లేని కూలీకి అది రాదు. ట్రాలీలో కూర్చునేది ఎక్కువగా వాళ్ళే.

జడ్చర్ల బిడ్డ

మా నాయన 44వ నంబర్ హైవే దాటుతుంటే ఏదో బండి గుద్ది ఆగకుండ పోయింది. ఆయన అక్కడికక్కడే పోయిండు. సీసీ కెమెరాలల్ల కూడ నంబరు దొరకలే. బండే దొరకనప్పుడు ఎవరి మీద కేసు అని మేము ఊకున్నం. ఏడాది దాటింది. ఇప్పుడేమన్న ఉందా?

నారాయణపేట వకీలు

అమ్మా, ఉంది. బండి దొరకని కేసులకు 161 సెక్షన్ కింద వేరే పథకం ఉంది. 2022 ఏప్రిల్ నుంచి మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. అంతకుముందు 25 వేలు, 12,500 ఉండేవి. దీనికి ట్రిబ్యునల్‌కు పోవాల్సిన పని లేదు. మీ ఆర్డీఓ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. విచారణ చేసి కలెక్టరుకు పంపుతారు, కలెక్టరు మంజూరు చేస్తే డబ్బు జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ నుంచి నేరుగా ఖాతాలో పడుతుంది. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం, వారసుల వివరాలు, బ్యాంకు పుస్తకం తీసుకెళ్ళండి. బండి దొరకలేదని పోలీసులు ఇచ్చిన తుది రిపోర్టు ఉంటే పని సులువు. ఆలస్యమైందని మానుకోవద్దు, ఆలస్యానికి కారణం రాసి ఇవ్వండి.

జడ్చర్ల బిడ్డ

ఇన్ని రోజులు ఎవ్వరు చెప్పలే సార్. అమ్మను తీసుకొని సోమవారం పోత.

దేవరకొండ నుంచి డల్లాస్

మా ఊరి వాళ్ళ పోస్టు కాబట్టి ఒక మాట. ఇక్కడ అమెరికాలో ఈ బాధకు విడిగా ఒక కవర్ ఉంటుంది. ఇన్సూరెన్స్ లేనివాడు, లేదా చాలీచాలని ఇన్సూరెన్స్ ఉన్నవాడు మనల్ని గుద్దితే మన పాలసీయే మనకు చెల్లిస్తుంది. టెక్సాస్‌లో కంపెనీ దీన్ని ఇస్తామని తప్పకుండా చెప్పాలి, వద్దనుకుంటే మనం రాతపూర్వకంగా సంతకం పెట్టాలి. కొత్తగా వచ్చిన మన పిల్లలు ప్రీమియం తగ్గుతుందని దీన్నే తీసేస్తారు. ఇక్కడ చట్టం అడిగే కనీస కవర్ గాయాలకు మనిషికి 30,000 డాలర్లే. ఒక్క సర్జరీకి అది ఎటూ చాలదు. బంధువుల పిల్లలు ఇక్కడికి వస్తుంటే ఆ సంతకం పెట్టొద్దని చెప్పండి.

మన దగ్గర ఇలాంటి కవర్ ఉందా?

సూర్యాపేట సర్వేయర్

అచ్చంగా అలాంటిది లేదు. మన పద్ధతి వేరు. ఇక్కడ థర్డ్ పార్టీ పాలసీలో, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి కట్టే పాలసీలో, మనిషి ప్రాణానికి, గాయానికి పై పరిమితి లేదు. కోర్టు కోటి రాసినా కంపెనీ కట్టాల్సిందే. కాబట్టి పాలసీ ఉంటే చాలకపోవడం అనేది గాయాల విషయంలో రాదు. ఆస్తి నష్టానికి మాత్రం పరిమితి ఉంది, కార్లకు ఏడున్నర లక్షలు. మన దగ్గర సమస్య పాలసీ అసలే లేకపోవడం, లేదా ఉన్నా ట్రాలీ కూలీల లాగా షరతుల్లో ఇరుక్కుపోవడం.

సొంత రక్షణకు ఉన్నవి ఇవీ. బండి యజమాని నడిపేటప్పుడు వర్తించే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవర్, 2018 నుంచి. ఇది చావుకు, కాలో చెయ్యో కన్నో పూర్తిగా పోయినప్పుడు, లేదా శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినప్పుడు మాత్రమే. బొక్క విరిగితే రాదు. యజమానికి లైసెన్సు ఉండాలి, అరువు బండి నడిపేవాడికి వర్తించదు. శీను గారి బావకు ఇది పనికిరాదు. వెనక కూర్చున్న అక్కకు సొంత బైకు థర్డ్ పార్టీ పాలసీలో ఏమీ ఉండదు, ఆమె అడగాల్సింది ట్రాలీ వాళ్ళనే. మేస్త్రీలు, డ్రైవర్ల లాంటి వాళ్ళకు నేను చెప్పేది విడిగా ఒక పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ. అందులో మంచాన పడ్డ వారాలకు వారానికింత అని ఇచ్చేది ఉందో లేదో చూసి తీసుకోండి. అది ఎవరి తప్పని అడగదు, కోర్టులో వచ్చే పరిహారానికీ దానికీ అడ్డం లేదు.

షాద్‌నగర్ మెకానిక్

బండ్లకు ఇన్సూరెన్స్ ఎందుకు ఉండదో నేను రోజూ చూస్త. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బైకుకు ఐదేండ్ల థర్డ్ పార్టీ షోరూంలనే కట్టించుకుంటున్నరు. ఐదేండ్లు అయిపోయినంక గుర్తుండదు. అప్పటికి బైకు ఇంకొకరి చేతికి పోతది. 75 నుంచి 150 సీసీ బైకుకు 2022 జూన్ల పెట్టిన రేటు ఏడాదికి 714, పైన పన్ను. దొరికితే మొదటిసారి ఫైను రెండు వేలు. దొరికినప్పుడు చూద్దాం అంటరు. నా దగ్గరికి సర్వీసింగుకు వచ్చిన ప్రతి బండి నంబరు యాప్‌ల కొట్టి చూపెడుత. పది మందికి చూపెడితే ఇద్దరన్న అప్పుడే కడతరు.

ఇంకోటి, రోడ్డు పక్కన తక్కువకు చేసిస్తమనే వాళ్ళ దగ్గర తీసుకోకుండ్రి. కాయితం మంచిగనే కనపడతది, కంపెనీల ఆ నంబరే ఉండదు. రేపు ప్రమాదం అయితే అది లేనట్టే లెక్క. కట్టినంక యాప్‌ల కనిపించిందో లేదో చూసుకోవాలె.

హాలియా శీను

అందరికీ ఒక సంగతి చెప్పాలె. బండి విడిపించుకుంటమని వాళ్ళు కోర్టుల పిటిషన్ ఏసిన్రు. మా వకీలు ఇన్సూరెన్స్ పేజీ, నేనిచ్చిన దరఖాస్తు నకలు పెట్టి అడ్డం చెప్పిండు. పూచీకత్తు పెట్టేదాకా వదిలేది లేదని మేజిస్ట్రేటు గారు చెప్పిన్రు. నిన్న రాత్రి కల్వకుర్తి ఓనరే సొంతంగ వచ్చిండు. ఇప్పటిదాకా మొఖం చూపెట్టని మనిషి. నాలుగు లక్షలు అంటుండు. బావ మొదటిసారి నోరు తెరిచి "నా కాలు సంగతి డాక్టరు చెప్పినంక మాట్లాడుదం" అన్నడు.

వకీలు ఫీజు వచ్చిన దాంట్ల పావు వంతు అంటున్నడు. ఇయ్యొచ్చా?

నారాయణపేట వకీలు

పరిహారంలో వాటా ఫీజుగా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. ఇంత అని ఫీజు మాట్లాడుకుని రాసుకోండి. భరించలేమనుకుంటే నల్లగొండ కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, కాబట్టి అక్క కేసుకు తప్పకుండా వస్తుంది. బావకు ఆదాయాన్ని బట్టి చూస్తారు. 15100కు ఫోన్ చేసినా చెప్తారు.

నాలుగు లక్షల సంగతి. బావగారి మాటే సరైంది. వైకల్యం ఎంతో తేలకముందు ఏ అంకె ఒప్పుకున్నా గుడ్డిగా ఒప్పుకున్నట్టే. ముందు ట్రిబ్యునల్లో కేసు నంబరు పడనివ్వండి. ఆ తర్వాత రాజీ కావాలంటే లోక్ అదాలత్‌లో చేసుకోండి, అక్కడ రాసింది కోర్టు డిక్రీతో సమానం, కట్టకపోతే అమలు చేయించుకోవచ్చు. ఇంట్లో స్టాంపు పేపరు మీద రాసుకున్నదానికి ఆ బలం ఉండదు. పూచీకత్తుగా ఆయన ఏం చూపిస్తున్నాడో కూడా చూడండి. భూమి అయితే సర్వే నంబరు తీసుకుని, ఆ భూమి మీద బ్యాంకు అప్పు ఉందో లేదో మీ వకీలుతో ముందే చూపించుకోండి.

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్ · మిర్యాలగూడ

శీనూ, పోలీసులు ప్రమాదం జరిగిన 90 రోజులలోపు ట్రిబ్యునల్‌కు పూర్తి ప్రమాద నివేదిక పంపాలె. అందుల ఆర్సీ ఓనరు పేరు, ఇన్సూరెన్స్ లేదన్న ముచ్చట సరిగ్గ రాసిన్రో లేదో దర్యాప్తు అధికారిని అడిగి నకలు తీసుకో. అక్క గాయం సంగతి కూడ అందుల ఉండాలె, చానాసార్లు నడిపిన మనిషి పేరు ఒక్కటే రాస్తరు.

హాలియా శీను

మంచిదన్నా. రేపు పొద్దున ఠాణాకు పోయి అక్క పేరు ఉందో లేదో చూస్త.